ఆఫ్‌రోడ్‌కి తీసుకెళ్లే థార్‌కి ఇన్సూరెన్స్: కంపెనీ పేరు కన్నా ముందు చూడాల్సినవి

మీరు అడిగింది ఇదీ: 2184 సీసీ డీజిల్ మహీంద్రా థార్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజన్ శక్తి అందేది), వారాంతాల్లో అనంతగిరి, మారేడుమిల్లి వైపు మట్టిదారులు, అప్పుడప్పుడు సూర్యలంక బీచ్ ఇసుక, ఏడాదికోసారి క్లబ్ ఈవెంట్. ఏ కంపెనీ మంచిది, ఆఫ్‌రోడ్‌కి వేరే పాలసీ ఉంటుందా?

వేరే పాలసీ కోసం వెతకనక్కర్లేదు. మామూలు ప్రైవేట్ కార్ ప్యాకేజీ పాలసీలో, అంటే మనం ఫుల్ ఇన్సూరెన్స్ అనే దాంట్లో, బండి తారురోడ్డు మీదే ఉండాలని ఎక్కడా ఉండదు. బయటి నుంచి తగిలిన దెబ్బ, బోల్తా, వరద, తుఫాను, కొండచరియ విరిగిపడటం అన్నీ దాని కిందికే వస్తాయి. అడ్డం పడేది దారి కాదు, బండిని దేనికి వాడుతున్నారన్నది. పాలసీలో ‘లిమిటేషన్స్ యాజ్ టు యూజ్’ అని ఒక పేరా ఉంటుంది. కిరాయికి ఇవ్వడం, సరుకు రవాణా, ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్ (రేసులో ముందు నడిచి వేగం చూపించడం), స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ (బండి తట్టుకుంటుందా అని పెట్టే పోటీ పరీక్షలు), ఇవన్నీ పాలసీ వర్తించని మినహాయింపులు. స్నేహితులతో కాన్వాయ్‌గా మట్టిదారిలో వెళ్తే ఇబ్బంది లేదు. మీ క్లబ్ ఈవెంట్‌లో స్టాప్‌వాచ్, పాయింట్లు, ట్రోఫీ ఉన్నాయంటే మాత్రం అక్కడ జరిగిన డ్యామేజీకి డబ్బు రాదనే లెక్కేసుకోండి. ర్యాలీలు, ట్రయల్స్ కోసం ఐఎంటీ 31 అనే ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జతచేసే అదనపు షరతు ఉంది. అది ఈవెంట్‌కి ముందే, ఆ ఈవెంట్ పేరు, తేదీలతో కంపెనీ ఒప్పుకుని రాసివ్వాలి. తర్వాత అడిగితే కుదరదు. వారం రోజులకి బండిని ఎవరికో అద్దెకిచ్చినా ఇదే నిబంధన తగులుతుంది.

అసలు డబ్బు పోయేది ఇంజన్ దగ్గర. థార్ 650 మిల్లీమీటర్ల నీటిలో నడుస్తుందని కంపెనీ చెబుతుంది. కానీ అది నిలిచిన నీటికి, నెమ్మదిగా దాటేటప్పటికి. ప్రవాహం ఉన్న వాగులో, లేదా వేగంగా దిగినప్పుడు బానెట్ ముందు లేచే అల ఆ లెక్కను దాటేస్తుంది. ఎయిర్ ఇన్‌టేక్‌లోంచి సిలిండర్‌లోకి నీళ్లు చేరితే, గాలిలా నీళ్లు కుదించుకుపోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బండి ఆగిపోగానే మళ్లీ సెల్ఫ్ కొట్టడమే అతి పెద్ద నష్టం. నీట మునగడం ప్రమాదం కిందికి వచ్చినా, ఆ తర్వాత స్టార్ట్ చేయడం వల్ల పోయిన ఇంజన్‌ని ‘కాన్సిక్వెన్షియల్ లాస్’ (ప్రమాదం తర్వాత దాని పర్యవసానంగా వచ్చిన నష్టం) అంటారు, బేసిక్ పాలసీ దానికి ఇవ్వదు. అందుకే ఆఫ్‌రోడ్ బండికి ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ (అదనపు ప్రీమియంతో కలుపుకునే కవర్) తప్పనిసరి అని నా అభిప్రాయం. అది లేకుండా మిగతా యాడ్-ఆన్‌లు ఎన్ని కొన్నా బండిలో ఖరీదైన భాగం బయటే ఉండిపోతుంది.

దీని వర్డింగ్ ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. ఇంజన్‌తో ఆగుతుందా, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే పెట్టె), డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టె) కూడా వస్తాయా చూడండి. ఫోర్ బై ఫోర్‌లో యాక్సిల్ బ్రీదర్ (గాలి పోయే సన్న గొట్టం) గుండా డిఫరెన్షియల్‌లోకి నీళ్లు చేరి ఆయిల్ పాలలా తెల్లబడటం తరచుగా జరిగేదే. నీళ్లకే వర్తిస్తుందా, కింద రాయి తగిలి ఆయిల్ లీకైతే కూడానా అన్నది ఇంకో ప్రశ్న. రాయి తగిలి ఆయిల్ చాంబర్ పగిలితే చాంబర్‌కి బేసిక్ పాలసీ ఇస్తుంది. ఆయిల్ లైట్ వెలిగాక కూడా రెండు కిలోమీటర్లు నడిపి ఇంజన్ సీజ్ చేసుకుంటే ఇవ్వదు. దెబ్బ తిన్న బండిని రిపేరు చేయించకుండా నడిపితే, ఆపైన పెరిగే నష్టం యజమానిదేనని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. సముద్రం ఒడ్డున ఉప్పునీరు తగిలి నెలల తర్వాత పట్టిన తుప్పు అరుగుదల కిందికి పోతుంది, దానికి ఏ యాడ్-ఆన్ కూడా సాయపడదు. ఆ సాయంత్రమే మంచినీళ్లతో అండర్‌బాడీ కడిగించడం ఒక్కటే దారి.

తర్వాత జీరో డెప్, అంటే భాగాల పాతదనానికి కోత పెట్టకుండా క్లెయిమ్ ఇచ్చే యాడ్-ఆన్. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ మీద 50 శాతం కోత, ఫైబర్ మీద 30 శాతం. ఇనుప భాగాలకి ఆరు నెలల దాకా కోత లేదు, రెండో ఏడాదిలో 10 శాతం, ఐదో ఏడాదికి 35 శాతం. మట్టిదారిలో ముందు పోయేవి బంపర్, ఫెండర్ క్లాడింగ్, వీల్ ఆర్చ్ లైనర్, అంటే అన్నీ ప్లాస్టిక్కే. జీరో డెప్‌లో ఏడాదికి ఎన్ని క్లెయిమ్‌లు ఇస్తారో అడగండి, చాలామంది రెండుతో ఆపేస్తారు. ఆయిల్, కూలెంట్, నట్లు, బోల్టులు కన్స్యూమబుల్స్ కవర్ అనే మరో యాడ్-ఆన్‌లోనే వస్తాయి. టైరు ఒక్కటే సైడ్‌వాల్ దగ్గర కోసుకుపోతే బేసిక్ పాలసీ ఏమీ ఇవ్వదు. అదే ప్రమాదంలో బండికి కూడా దెబ్బ తగిలితే టైరు ఖరీదులో 50 శాతం ఇస్తుంది.

మార్పుల విషయం కచ్చితంగా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే సామాను) వేసి, కంపెనీ ఇచ్చిన 255/65 ఆర్18 సైజు టైర్ల స్థానంలో పెద్ద మడ్ టైర్లు ఎక్కించి, బోల్తా పడ్డాక క్లెయిమ్‌కి వెళ్తే నష్టం అంచనా వేసే సర్వేయర్ మొదట రాసేది ఆ మార్పు గురించే. బండి ముందు బిగించే ఇనుప బుల్‌బార్ మీద 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి చర్యలు తీసుకోమని రాసింది. విడిగా బిగించుకున్న వించ్ (చిక్కుకున్న బండిని లాగే తాడు మోటారు), అదనపు లైట్ల లాంటి ఎలక్ట్రికల్ యాక్సెసరీల విలువని బిల్లులతో సహా పాలసీలో చేర్పించండి. పాత టారిఫ్ లెక్కన వాటికి విలువ మీద 4 శాతం అదనపు ప్రీమియం. చేర్పించకపోతే అవి పాలసీ దృష్టిలో లేనట్టే.

లయబిలిటీ ఓన్లీ, అంటే థర్డ్ పార్టీ మాత్రమే తీసుకుని ఆఫ్‌రోడ్‌కి పోవద్దు. 2022 జూన్ రేట్ల ప్రకారం 1500 సీసీ దాటిన కారుకి ఏడాదికి 7,897 రూపాయలు, కొత్త కారుకి మూడేళ్లకి 24,596. అంత కట్టినా బండిలో కూర్చున్న మీ స్నేహితులకి అది వర్తించదు. ప్యాకేజీ పాలసీ అయితే కిరాయి తీసుకోకుండా ఎక్కించుకున్నవారికి వర్తిస్తుంది.

బేసిక్ పాలసీలో టోయింగ్‌కి మొత్తం 1,500 రూపాయలే. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కొన్నా, వాళ్ల ట్రక్ రాగలిగే రోడ్డు దాకా బండిని లాక్కురావడం మీ పనే. తోడుగా ఇంకో ఫోర్ బై ఫోర్ లేకుండా వెళ్లకండి.

క్లెయిమ్ చేయాల్సి వస్తే, మనుషుల క్షేమం చూసుకున్నాక, లొకేషన్ ఆన్ చేసి నాలుగు వైపులా, కింద రాయి లేదా గుంట కనపడేలా ఫొటోలు తీయండి. బండి కదిల్చే ముందే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి. బయటివాళ్లకి దెబ్బ తగిలితే పోలీసులకి చెప్పాలి. ప్రమాదం జరిగిన చోటు గురించి అబద్ధం రాయొద్దు. ఛాసిస్ మీద రాతి గీతలు, స్నేహితులు పెట్టిన వీడియోలు నిజం చెప్పేస్తాయి, ఆ అబద్ధమే క్లెయిమ్‌ని చంపేస్తుంది. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి అనుమతి లేకుండా దిగితే అటవీ కేసు వేరే మెడకి చుట్టుకుంటుంది.

చిన్న దెబ్బలకి క్లెయిమ్ వేయకండి. సొంత డ్యామేజీ ప్రీమియం 20,000 అనుకుందాం, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే రాయితీ) 50 శాతానికి చేరబోతోంది. జీరో డెప్ ఉన్నా, 12,000 బంపర్ బిల్లుకి, 1500 సీసీ దాటినందుకు తప్పనిసరి కోత 2,000 పోతే చేతికి వచ్చేది 10,000. వచ్చే రెన్యువల్‌లోనే ఆ 10,000 రాయితీ పోతుంది, మళ్లీ 20 శాతం నుంచి మొదలు.

తిరస్కరించారని వదిలేయొద్దు. వాడకం షరతు కొంత తప్పిన సందర్భంలో నాన్-స్టాండర్డ్ (పూర్తిగా కొట్టేయకుండా కొంత తగ్గించి ఇచ్చే) క్లెయిమ్ కింద 75 శాతం ఇవ్వాలని 2010లో సుప్రీంకోర్టు ఒక కిరాయి బండి కేసులో చెప్పింది. ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి, అంటే ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే హైదరాబాద్ లక్డీకాపూల్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ (బీమా ఫిర్యాదులు తీర్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. రెండు రాష్ట్రాలకీ అదే ఆఫీసు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

ఇక కంపెనీ. మీ ఊళ్లో మీరు నమ్మే మహీంద్రా వర్క్‌షాప్‌లో ఏ ఇన్సూరెన్స్ కంపెనీ క్యాష్‌లెస్ (బిల్లు నేరుగా కంపెనీయే కట్టడం) సాఫీగా జరుగుతోందో సర్వీస్ అడ్వైజర్‌ని అడిగి ఇద్దరు ముగ్గురిని ఎంచుకోండి. ఆ కంపెనీలకి ఒకే ఈమెయిల్ పంపండి: ‘పోటీ కాని ట్రిప్‌లో, తారులేని దారిలో, వాగు దాటుతుంటే నీళ్లు చేరి ఇంజన్, ట్రాన్స్‌ఫర్ కేస్ పాడైతే మీ ఇంజన్ ప్రొటెక్ట్ వర్తిస్తుందా? ఏ క్లాజు ప్రకారం?’ క్లాజు నంబరుతో రాతపూర్వకంగా జవాబిచ్చినవాళ్ల దగ్గర తీసుకోండి, ప్రీమియం వెయ్యో రెండు వేలో ఎక్కువైనా సరే. ఆ మెయిల్‌ని పాలసీ కాపీతో కలిపి దాచుకోండి.