చెప్పుకోడానికి ఒక మాస్టర్స్ కావాలా, మెడికల్ సీటు కావాలా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాం. అబ్బాయికి 23, ఇక్కడే పుట్టాడు. బయోమెడికల్ ఇంజనీరింగ్ పూర్తయింది, జీపీఏ 4కి 3.35, సైన్స్ జీపీఏ 3.10, మెడికల్ ఎంట్రన్స్ ఎంక్యాట్‌లో 509. పోయినేడు 17 మెడికల్ స్కూళ్ళకి అప్లై చేశాం, ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. ఇప్పుడు వేరే స్టేట్‌లో ఎస్ఎంపీలో, అంటే ఏడాదిపాటుండే స్పెషల్ మాస్టర్స్ ప్రోగ్రాంలో, సీటొచ్చింది. ఫీజు, అద్దె కలిపి 60 వేల డాలర్లవుతుంది. షాద్‌నగర్ దగ్గర ప్లాటు అమ్మేద్దామనుకుంటున్నాం. లేదంటే ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్ మాస్టర్స్) చేయించాలా, ఇంటిదగ్గరే పోస్ట్‌బాక్ క్లాసులు, అంటే డిగ్రీ అయ్యాక మళ్ళీ తీసుకునే అండర్‌గ్రాడ్ క్లాసులు, చేయించాలా? క్లాసులంటే వెనక్కెళ్ళినట్టుంటుంది, మాస్టర్స్ అయితే కనీసం చెప్పుకోడానికి ఒక డిగ్రీ ఉంటుంది కదా. మూడింట్లో ఏది బెటర్? వాడి ట్రాన్‌స్క్రిప్టు, పోయినేటి అప్లికేషన్ పీడీఎఫ్ పంపిస్తున్నా.

జవాబు: అయ్యా, మీ లెటర్లో నన్ను పట్టుకుంది కోర్సులు కాదు, ఆ చివర్లో ఉన్న "చెప్పుకోడానికి" అన్న మాట. ఎవరికి చెప్పుకోడానికండీ? అడ్మిషన్ కమిటీకా, శనివారం పాట్‌లక్‌లో "మీవాడేం చేస్తున్నాడు" అనడిగేవాళ్ళకా? ఊరు మారుద్ది, జీపీఏ కాస్త అటూ ఇటూ అవుద్ది గానీ ఇలాంటి లెటర్ నాకు నెలకొకటైనా వస్తది, అన్నిట్లోనూ కిందున్న భయం ఒకటే, వాడి ఈడు పిల్లలంతా ఉద్యోగాల్లో సెటిలయ్యారు మావాడొక్కడే ఇంట్లో ఉన్నాడు అని. ముందు ఆ సంగతి చూద్దాం. ఇంటర్ అవగానే ఎంబీబీఎస్‌లో చేరి 23కి హౌస్ సర్జన్సీ చేసేది మన ఊళ్ళో లెక్క. ఇక్కడ మెడికల్ స్కూల్లో చేరేవాళ్ళ సగటు వయసే 24 దాకా ఉంటుంది, సగానికి పైగా మంది కనీసం ఒక ఏడాది గ్యాప్ తీసుకునే వస్తున్నారు. ఏటా ఎండీ (ఇక్కడి మామూలు డాక్టర్ డిగ్రీ) స్కూళ్ళకి 50 వేలకి పైగా అప్లై చేస్తే చేరేది 23 వేల చిల్లర, అంటే మొదటిసారి రాకపోవడం మీ ఒక్క ఇంట్లో జరిగింది కాదు. మీవాడు ఆలస్యం అవలేదు. దీన్ని నమ్మితే మిగతాదంతా తేలికవుద్ది, నమ్మకపోతే నేనేం చెప్పినా మీరు ప్లాటు అమ్మేస్తారు.

(సిటిజన్ కాబట్టి ఇంత ధీమాగా చెప్తున్నా. తల్లిదండ్రుల మీద ఆధారపడే హెచ్-4 వీసా మీదున్న పిల్లలైతే నేను మొదలుపెట్టే చోటే వేరు, చాలా స్కూళ్ళు సిటిజన్, గ్రీన్‌కార్డ్ వాళ్ళని తప్ప చూడవు.)

ఇక ఎస్ఎంపీ. దీనిమీద నాకు మొదట్నుంచీ కొంచెం అనుమానమే, ఈమధ్య ఫ్యాషనైపోయాక అనుమానం ఇంకా పెరిగింది. మీకు ఎవరూ చెప్పనట్టున్న విషయం ఒకటుంది, ఎస్ఎంపీలో అన్నీ ఏ గ్రేడులే తెచ్చుకున్నా ఆమ్‌క్యాస్‌లో, అంటే ఎండీ స్కూళ్ళ కామన్ అప్లికేషన్లో, మీవాడి 3.35 కదలదు, అండర్‌గ్రాడ్ జీపీఏ ఒక లైను, గ్రాడ్యుయేట్ జీపీఏ ఇంకో లైను, దేనిదారి దానిదే. మరి ఎస్ఎంపీ దేనికంటే, కొన్ని ప్రోగ్రాముల్లో మెడికల్ స్కూల్ ఫస్టియర్ పిల్లల పక్కనే కూర్చోబెట్టి అదే పరీక్ష రాయిస్తారు, అక్కడ నెగ్గితే వీడు తట్టుకుంటాడు అని ఆ స్కూలుకి నమ్మకం కుదురుద్ది. బాగుంది. నెగ్గకపోతే? నాదగ్గరికొచ్చిన ఒకమ్మాయి, చాలా కష్టపడే పిల్ల, మంచి పేరున్న ఎస్ఎంపీలో 3.3 తెచ్చుకుంది. వేరే ఏ మాస్టర్స్‌లో అయినా పర్లేదు అనిపించుకునే మార్కే అది, కానీ ఇక్కడ కమిటీకి అది "మెడికల్ కోర్సుల్లో కూడా బీలే" అని కనపడింది. ఆ తర్వాత చూపించడానికి ఆ పిల్ల దగ్గర ఇంకో మెట్టు మిగల్లేదు. 60 వేలు పోవడం సంగతి అటుంచండి, అడిగితే ఇప్పటికీ ఆ పిల్ల ఆ ఏడాది గురించి మాట్లాడదు.

బ్రోషర్లో "90 శాతం మందికి సీట్లు" అని వేస్తారు. మనూళ్ళో ఒకే పిల్లాడి ఫొటో రెండు కాలేజీల ఫ్లెక్సీల మీద చూసినవాళ్ళం, ఇక్కడికొచ్చేసరికి ఎందుకు నమ్మేస్తామో నాకర్థం కాదు. ఎంతమంది చేరితే ఎంతమంది, అందులో డెంటల్, ఫార్మసీకి పోయినవాళ్ళని కలిపారా, సొంత మెడికల్ స్కూల్లోకి తీసుకుంది ఎందర్ని, ఇంటర్వ్యూ గ్యారంటీ కాగితం మీద ఉందా, ఇవి ఫోన్ చేసి అడగండి. మీకొచ్చిన ప్రోగ్రాం సైటు చూశా, దానికి సొంత మెడికల్ స్కూలే లేదు, ఏ మెడికల్ స్కూలుతోనూ లింకేజీ, అంటే ఒప్పందం, లేదు. అలాంటప్పుడు ఆ 60 వేలు దేనికిస్తున్నట్టు?

టైమింగ్ కూడా చూడండి, క్లాసులకైనా ఇది ఇంతే గానీ ఎస్ఎంపీతో ఏడాది కలిసొస్తుందనుకోకండి. ఆగస్టులో చేరితే దానికి ముందు జూన్‌లో వేసే అప్లికేషన్లో ఎస్ఎంపీ గ్రేడు ఒక్కటి కూడా ఉండదు, అది పూర్తయ్యాక వేస్తే ఇంకో ఏడాది ఖాళీ, ఈలోపు చాలా స్కూళ్ళు రెండు మూడేళ్ళకి మించిన ఎంక్యాట్ తీసుకోవు కాబట్టి 509 కూడా పాతబడుద్ది.

ఇప్పుడు మీరు పంపిన ట్రాన్‌స్క్రిప్టు. అది చదివితే మీవాడి మీద కోపం రాలేదండీ, మీమీద వచ్చింది. సోఫమోర్ (రెండో ఏడాది) ఫాల్‌లో 19 క్రెడిట్లు! ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, సర్క్యూట్స్ అన్నీ ఒకే సెమిస్టర్లో. ఆర్గానిక్‌లో సీ ప్లస్, ఫిజిక్స్‌లో సీ. "డాక్టర్ కాకపోతే ఇంజనీరైనా అవుతాడు" అని ఆ మేజర్ మీరే ఎంచామన్నారు ఫోన్లో, ఫీజు కలిసొస్తుందని మూడున్నరేళ్ళలో ముగించమన్నదీ మీరేనన్నారు, కాసేపటికేమో "వాడికి శ్రద్ధ తక్కువ" అన్నారు. ఇంజనీరింగ్ మేజర్ చెడ్డదని కాదు, ఇష్టంగా చేసి చేరిన పిల్లలున్నారు. కానీ ఆ సర్క్యూట్స్‌లో వాడు తెచ్చుకున్న "ఏ" గ్రేడు సైన్స్ జీపీఏలో కలవలేదని తెలుసా మీకు? బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ మాత్రమే సైన్స్ జీపీఏలో కలిసేవి, వీటినే బీసీపీఎం అంటారు, ఇంజనీరింగ్ కోర్సులు అవతల లెక్క. కష్టం ఒకచోట పడ్డాడు, మార్కు ఇంకోచోట అడిగారు.

అదే ట్రాన్‌స్క్రిప్టులో చివరి పేజీ మీరు చూసినట్టు లేరు. ఆఖరి రెండు సెమిస్టర్లు, 14, 13 క్రెడిట్లు. బయోకెమిస్ట్రీ ఏ మైనస్, ఫిజియాలజీ ఏ. ఊపిరాడేంత టైమిస్తే వీడు చదవగలడని అక్కడే ఉంది. ఇదే ఇంకో ఏడాది చూపిస్తే చాలు, దానికి డిగ్రీ పేరు అక్కర్లేదు. వాడికి మొత్తం 128 క్రెడిట్లున్నాయి, అందులో బీసీపీఎం 52. ఇంటిదగ్గర స్టేట్ యూనివర్సిటీలో 30 క్రెడిట్లు, అన్నీ పైస్థాయి బయాలజీ కోర్సులే, జెనెటిక్స్, ఇమ్యునాలజీ, మైక్రోబయాలజీ, సెల్ బయాలజీ ఇలాంటివి తీసుకుని అన్నీ ఏలు తెచ్చుకుంటే మొత్తం జీపీఏ 3.47 అవుద్ది, సైన్స్ జీపీఏ 3.10 నుంచి 3.43కి పోద్ది. ఒకట్రెండు బీలు పడినా నష్టం లేదు. ఆ ఆర్గానిక్ సీ ప్లస్ మళ్ళీ రాయించకండి, ఆమ్‌క్యాస్ పాత గ్రేడు తీసేయదు, రెండూ కలిపే లెక్కేస్తుంది. ఖర్చు మీ ఎస్ఎంపీలో మూడోవంతు కూడా కాదు, పైగా ఇంట్లోనే తిండి. వెనక్కెళ్ళినట్టుంటుంది అన్నారు, వెనక పడిన గుంట పూడ్చాలంటే అక్కడికే వెళ్ళాలి కదండీ.

ఎంపీహెచ్ గురించి ఎక్కువ చెప్పను. పబ్లిక్ హెల్త్ ఇష్టమైతే చేయొచ్చు, సైన్స్ జీపీఏకి అది మందు కాదు.

ఎస్ఎంపీ అసలొద్దనీ అనను. 160, 170 క్రెడిట్లయిపోయి జీపీఏ ఇక కదలదు అన్నవాళ్ళకి, ఎంక్యాట్ బాగుండి, సొంత మెడికల్ స్కూలున్న ప్రోగ్రాంలో సీటొస్తే, అది సరైన దారే. మీవాడు ఆ లెక్కలోకి రాడు, అంతే.

ప్లాటు సంగతి. 2025లో వచ్చిన చట్టంతో 2026 జూలై 1 నుంచి కొత్తవాళ్ళకి గ్రాడ్ ప్లస్ లోన్లు (పైచదువులకి ప్రభుత్వం ఇచ్చే అదనపు అప్పులు) ఆగిపోయాయి. మామూలు మాస్టర్స్‌కి ఫెడరల్ లోన్ ఏడాదికి 20,500 డాలర్లు, మెడికల్ స్కూల్‌కి ఏడాదికి 50 వేలు, మొత్తం కలిపి 2 లక్షలు దాటదు. చాలా ప్రైవేటు మెడికల్ స్కూళ్ళలో ఫీజు, ఖర్చులు కలిపి ఏడాదికి 80 వేలు దాటుతున్నాయి. ఆ తేడా ఎవరు కడతారు? షాద్‌నగర్ స్థలం అప్పటికి ఉంచండి.

ఇంకోటి, పోయినేడు సీటు రాకపోవడానికి జీపీఏ ఒక్కటే కారణం కాదు. పీడీఎఫ్‌లో సబ్మిట్ చేసిన తేదీ సెప్టెంబర్ రెండో వారం. మే చివర్లో, జూన్ మొదట్లో వేసినవాళ్ళకి అప్పటికే ఇంటర్వ్యూలు పిలుస్తున్నారు. ఆ 17లో 11 పేపర్లలో టాప్ 20 అని రాసే స్కూళ్ళు. డీఓ (ఆస్టియోపతిక్ డాక్టర్ డిగ్రీ) స్కూలు ఒక్కటీ లేదు, అడిగితే "మనవాళ్ళు డీఓ అంటే డాక్టర్ అనుకోరండీ" అన్నారు ఫోన్లో. 2020 నుంచి ఎండీకి, డీఓకి రెసిడెన్సీ అంతా ఒకే అక్రెడిటేషన్ కింద నడుస్తోంది, మీ నాన్నగారి మోకాలికి ఆపరేషన్ చేసినాయన పేరు పక్కన ఏముందో ఎప్పుడైనా చూశారా? 509 డీఓ స్కూళ్ళకి చాలా మంచి స్కోరు. మళ్ళీ అప్లై చేసేటప్పుడు లిస్టులో సగం అవే ఉండాలి, లేకపోతే నా దగ్గరికి రావద్దు, నిజంగానే చెప్తున్నా.

కాబట్టి ఈ ఫాల్‌కి 15 క్రెడిట్లు, వారానికి రెండ్రోజులు ఏదైనా క్లినిక్‌లో స్క్రైబ్ (డాక్టరు పక్కనుండి నోట్సు రాసే) పని, స్ప్రింగ్‌లో మిగతావి, ఆ గ్రేడ్లు చేతికొచ్చాక జూన్ మొదటి వారంలో అప్లికేషన్. తొందరగా ముగించమని మాత్రం ఈసారి అనకండి.

చివరిగా చిన్న పని. "అప్లై చేశాం" అని మీరే రాశారు, ఫోన్లో వెనకనుంచి వాడి గొంతు ఒక్కసారి కూడా వినపడలేదు. ఏం కోర్సులు తీసుకుంటాడో, ఆ సోఫమోర్ ఇయర్లో ఏమైందో వాణ్ణే చెప్పనివ్వండి. ఆదివారం సాయంత్రం ఆరింటికి వాణ్ణి ఫోన్ చేయమనండి. స్పీకర్లో పెట్టొద్దు, మీరు ఆ టైంలో కాస్త అలా వాకింగ్‌కి వెళ్ళిరండి.