అద్దెదారుల ముందస్తు కొనుగోలు హక్కు

ప్రశ్న: వాషింగ్టన్ డి.సి.లో ఎనిమిది వాటాల (విడివిడి ఇళ్ల) అద్దె భవనం కొనడానికి యజమానితో ఒప్పందం చేసుకుని బయానా కట్టాను. వర్జీనియాలో అద్దెకిచ్చిన ఇల్లు అమ్మగా వచ్చిన సొమ్మును 1031 మార్పిడి (అమ్మిన ఆస్తి సొమ్ముతో మరో ఆస్తి కొంటే లాభంపై పన్నును వాయిదా వేసే అమెరికా పన్ను నిబంధన) కింద ఇందులో పెట్టాలనుకున్నాను. ఇప్పుడు అద్దెదారులు తామే కొంటామంటున్నారు. ధర కుదిరాక అది చెల్లుతుందా?

జవాబు: భవనం చట్టం పరిధిలోకి వస్తే చెల్లుతుంది. అందరూ 'టోపా' అని పిలిచే 1980 నాటి చట్టం ప్రకారం, అద్దె భవనాన్ని బయటివారికి అమ్మే ముందు యజమాని అందులో ఉంటున్నవారికి రాతపూర్వకంగా అమ్మకపు ప్రతిపాదన ఇచ్చి, నగర ప్రభుత్వానికీ ఒక ప్రతి పంపాలి. కాలక్రమంలో చట్టానికి సవరణలు జరిగి కొన్నిటికి మినహాయింపులు వచ్చాయి. 2018లో ఒంటి ఇళ్లను చాలావరకు తప్పించారు. కనుక మీ భవనం పరిధిలోకి వస్తుందో లేదో ముందుగా అక్కడి న్యాయవాదితో తేల్చుకోండి.

వస్తే, అసలు చిక్కు గడువులదే. అయిదు, అంతకు మించి వాటాలున్నచోట అద్దెదారులు సంఘంగా ఏర్పడి ఆసక్తి తెలపడానికి 45 రోజులు, బేరసారాలకు కనీసం 120, ఒప్పందం కుదిరాక సొమ్ము సమకూర్చుకుని కొనుగోలు ముగించడానికి మరో 120 రోజులు ఉంటాయి. మొత్తం 285. 1031 మార్పిడిలోనైతే పాత ఇల్లు అమ్మిన నాటి నుంచి 45 రోజుల్లో కొత్త ఆస్తిని రాతపూర్వకంగా గుర్తించి, 180 రోజుల్లోపు కొని తీరాలి. అద్దెదారుల గడువు నడుస్తోందన్న కారణంతో ఆ లెక్క ఆగదు. మూడు ఆస్తుల వరకు గుర్తించే వీలుంది కనుక, 45 రోజులు ఇంకా మించకపోతే వేరే చోటి ఆస్తి ఒకటైనా ఆ జాబితాలో చేర్చండి.

అద్దెదారులను ప్రత్యర్థులుగా చూడవద్దని నా గట్టి సలహా. ఇల్లు చేయి మారితే అద్దె ఎంత పెరుగుతుందో, ఎక్కడికి వెళ్లాల్సి వస్తుందో అన్న భయం న్యాయమైనదే. వారు తమ హక్కును ఇతరులకు బదిలీ చేయవచ్చు. అంటే మరమ్మతులు, అద్దెల విషయంలో మీరు రాతపూర్వక హామీ ఇస్తే, సంఘం ఆ హక్కును మీకే బదిలీ చేసే మార్గమూ ఉంది. అయితే అమ్మకపు ప్రతిపాదన అందుకునే హక్కునే వదులుకోమని యజమాని వారిని అడగడానికి చట్టం ఒప్పదు. అలాంటి కాగితంపై సంతకాలు తెస్తానని ఆయన అంటే మీరు ఒప్పుకోకండి.

ఇక బయానా సంగతి. అద్దెదారులు కొంటే బయానా పూర్తిగా వాపసు ఇవ్వాలన్న షరతు మీ ఒప్పందంలో లేకపోతే, వెంటనే అనుబంధ ఒప్పందం రాయించుకోండి.