చేపల పులుసు: ముక్క చిదరకుండా, పులుసు చేదెక్కకుండా

ప్రశ్న: తాలింపులో బొచ్చె ముక్కలు వేసి, పైన చింతపండు రసం పోసి అరగంట ఉడికిస్తున్నాను. వడ్డించేసరికి సగం ముక్కలు చిదిరిపోతున్నాయి, పులుసేమో నీళ్ళగా ఉంటోంది. తప్పెక్కడ? (పాఠకురాలు, భీమవరం)

జవాబు: వరసలోనే ఉందండీ. ముందు పులుసు ఉడకాలి, ఆ తర్వాతే ముక్క పడాలి. చేప కండ పొరల్ని పట్టి ఉంచే జిగురు చాలా తక్కువ, కాస్త వేడికే కరిగిపోతుంది. అంగుళం మందం ముక్కకు పది నిమిషాలు చాలు. మీరు అరగంట మరిగిస్తున్నారు.

కిలో చేపకు 60 గ్రాముల పాత చింతపండు నానబెట్టి, మూడు గ్లాసుల రసం తీయండి. ముక్కలకు రెండు చెంచాల ఉప్పు, అర చెంచా పసుపు, ఒక చెంచా కారం పట్టించి ఇరవై నిమిషాలు ఉంచితే కండ గట్టిపడుతుంది. వెడల్పాటి దాకలో ఆరు గరిటెల నూనె కాచి, మూడు ఉల్లిపాయల ముద్ద వేసి, నూనె అంచుల్లోకి తేలేదాకా వేయించండి. చాలామంది తొందరపడేది ఇక్కడే. పచ్చిగా మిగిలిన ఉల్లి తర్వాత ఎంత మరిగినా పులుసులో కలవదు, నీరు వేరు, ముద్ద వేరుగా నిలుస్తుంది. చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు, రెండు చెంచాల కారం వేసి రసం పోయండి. పదిహేను నిమిషాలు తెర్లనిస్తే పచ్చివాసన పోతుంది, గరిటె వెనక పల్చని పొర నిలుస్తుంది. అప్పుడు ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పడకుండా పేర్చి, సెగ తగ్గించండి.

ఇక గరిటె పెట్టొద్దు. దాకను రెండు చేతులా గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పితే చాలు. ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి నూరిన ముద్ద చివరి అయిదు నిమిషాల్లో వేయండి, ఘాటు నిలుస్తుంది. కొత్తిమీర చల్లి దించాక గంటసేపు కదపకండి. ఆ గంటలోనే పులుపు ముక్కలోకి దిగుతుంది.

ప్రశ్న: ఒక్కోసారి పులుసు చేదుగా వస్తోంది. మెంతుల వల్లేనా? (కాకినాడ)

జవాబు: చేదు ఎక్కడుందో చూడండి. పులుసంతా చేదుగా ఉంటే మెంతులు మాడాయి. కిలోకి పావు చెంచా మించకూడదు, ఎర్రబడగానే దించేయాలి, నల్లబడితే పారేసి మళ్ళీ వేయించుకోండి. ఒకటి రెండు పొట్ట ముక్కలే చేదుగా ఉంటే, చేప కోసేటప్పుడు చేదుకట్టు (పిత్తపు తిత్తి) పగిలింది. పొట్ట లోపలి కండ మీద పచ్చగా, పసుపుగా మరక కనిపిస్తుంది. కడిగితే పోదు, ఆ మేర కోసి తీసేయాలి.

ప్రశ్న: చెరువు చేప మట్టివాసన పోవాలంటే? (ఏలూరు)

జవాబు: రాళ్ళుప్పుతో రుద్ది కడిగి, పలచటి చింతపండు నీళ్ళలో పది నిమిషాలు ఉంచండి. పొట్ట లోపలి నల్లపొర, వెన్నెముక వెంట గడ్డకట్టిన నెత్తురు గోరుతో గీకి తీయాలి. ఇవి మిగిలితే మసాలా ఎంత వేసినా నీచు తెలుస్తుంది.

ప్రశ్న: పులసకూ ఇదే పద్ధతా? (రాజమండ్రి)

జవాబు: కాదు. వరద గోదారికి ఎదురీదే ఆ చేపలో కొవ్వు ఎక్కువ, సన్నటి ముళ్ళూ ఎక్కువే. అందుకే మట్టి దాకలో సన్నసెగ మీద నిదానంగా, ఎక్కువసేపు మగ్గనివ్వాలి. బెండకాయలు, చీల్చిన పచ్చిమిర్చి ముక్కలతోపాటే వేయండి. దించేముందు కాస్త వెన్న, రెండు చెంచాల ఆవకాయ నూనె వేస్తారు. వండిన రోజు తినేయకండి, మర్నాటికి గానీ దాని రుచి తెలియదు.