సోరియాసిస్‌కు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్: ఎంత రాయాలి, ఎన్నాళ్లు రాయాలి, ఎలా ఆపాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41. ఆరేళ్లుగా సోరియాసిస్ ఉంది. మోచేతులు, మోకాళ్లు, నడుము కింది భాగంలో మందంగా ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొలుసులు. ఏడాదిన్నర క్రితం స్కిన్ డాక్టర్ క్లోబెటసాల్ ఆయింట్‌మెంట్ రాసిచ్చారు. వారంలో దురద పోయింది, రెండు వారాలకు మచ్చలు అణిగిపోయాయి. ఆపాను. పది రోజులకే మళ్లీ వచ్చాయి. అప్పటి నుంచి పాత చీటీ మీద అదే మందు కొనుక్కుని రోజూ రెండు పూటలా రాస్తున్నాను. 30 గ్రాముల ట్యూబు రెండు వారాలకు అయిపోతోంది. ఈమధ్య గజ్జల్లో, కనుబొమల దగ్గర ఎర్రగా వస్తే అక్కడా రాశాను. తొడల లోపలి వైపు ఊదారంగు చారలు కనిపిస్తున్నాయి. ఇది స్టెరాయిడ్ అని తెలిసినప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. వెంటనే ఆపేయమంటున్నారు. ఆపితే రోగం తిరగబెడుతుందని నా భయం. ఏం చేయాలి?
- ఓ పాఠకుడు

జవాబు: మోచేతులు, మోకాళ్లు, నడుము మీద రాసే మందును ఒక్కసారిగా మానేయకండి. అలాగని రేపటి నుంచి కూడా ఇన్నాళ్లూ రాసినట్టే రాయకండి. మీ ఇంట్లోవాళ్ల భయంలో న్యాయముంది, మీ భయంలోనూ న్యాయముంది. బలమైన స్టెరాయిడ్ పూతను నెలల తరబడి వాడి ఠక్కున ఆపితే సోరియాసిస్ మునుపటికన్నా ఎక్కువగా ఎగదన్నే ప్రమాదం ఉంది. ఒక్కోసారి ఒళ్లంతా ఎర్రబడటం, చీము పొక్కులు రావడం కూడా జరుగుతుంది. వాడుతూనే పోతే చర్మం పలచబడుతుంది. మీ తొడల మీది చారలు అదే చెబుతున్నాయి. అందుకే మెట్లు దిగినట్టు దిగాలి. ఎలా మొదలుపెట్టాలో చాలామందికి తెలుస్తుంది గానీ ఎలా దిగాలో ఎవరూ వివరంగా చెప్పరు. చెప్పినా ఆ హడావుడిలో చెవిన పడదు. ఇది మీ తప్పని నేను అనను.

ముందు మీ లెక్క చూద్దాం. రెండు వారాలకు ఒక ట్యూబు చొప్పున ఏడాదిన్నరలో 35కు పైగా ట్యూబులు వాడారు. అంటే కిలోకు పైగా మందు. క్లోబెటసాల్ స్టెరాయిడ్ పూతలన్నిటిలోకీ పైమెట్టులో ఉండేది. దాని మీద 0.05 శాతం అని చూసి తక్కువ పవరని చాలామంది పొరబడతారు. తక్కువ బలం స్టెరాయిడ్ పూత అయిన 1 శాతం హైడ్రోకార్టిసోన్ కన్నా ఇది ఎన్నో రెట్లు బలమైనది. శాతాన్ని బట్టి కాక మందు పేరును బట్టే బలం తెలుస్తుంది. దీనికి రెండు హద్దులున్నాయి: వారానికి 50 గ్రాములు దాటకూడదు, వరుసగా రెండు వారాలకు మించి డాక్టర్ చూడకుండా కొనసాగించకూడదు. మీరు వారానికి 15 గ్రాములే వాడారు కాబట్టి మొదటి హద్దు దాటలేదు. రెండోది ఏడాదిన్నర క్రితమే దాటిపోయింది.

ఎంత రాయాలో కొలవడానికి మీ వేలే సాధనం. చూపుడు వేలి చివరి కణుపు గీత దగ్గర మొదలుపెట్టి వేలి కొస దాకా ట్యూబు నుంచి ఒక గీతలా పిండండి. అది సుమారు అర గ్రాము. వేళ్లతో సహా రెండు అరచేతులంత చర్మానికి అది సరిపోతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లను నా ముందే ఒకసారి పిండి చూపించమంటాను. కొందరు బఠాణీ గింజంత తీసి మోకాలంతా సాగదీస్తారు, కొందరు పేస్టులా దట్టంగా మెత్తుతారు. మీ మచ్చలన్నీ కలిపితే నాలుగు అరచేతులంత ఉంటాయనుకుందాం. పూటకు రెండు గీతలు, అంటే ఒక గ్రాము. రోజుకు ఒక్కసారి రాస్తే ట్యూబు నెల వస్తుంది. మీకు 15 రోజులే వస్తోందంటే పూటకు వేసుకునే మోతాదు సరిగానే ఉంది, పూటలే ఎక్కువయ్యాయి. ఇంత బలమైన మందు చాలామందికి రోజుకు ఒక్కసారి రాస్తే సరిపోతుంది.

రాసే పద్ధతి కూడా ముఖ్యమే. స్నానం చేశాక ఒళ్లు అద్దుకుని మందును మచ్చ మీదే పలచగా, వెంట్రుకలు వాలే దిశలో రాయండి. చుట్టూ ఉన్న మంచి చర్మం మీదికి పాకనివ్వకండి. మాయిశ్చరైజర్‌కూ మందుకూ మధ్య అరగంట ఎడం ఉండాలి, లేకపోతే రెండూ కలిసిపోయి మందు పలచనవుతుంది, అక్కర్లేని చోటికీ జారుతుంది. డాక్టర్ చెబితే తప్ప పైన ప్లాస్టిక్ కవరు గానీ గట్టి కట్టు గానీ కట్టవద్దు. అలా కడితే లోపలికి ఇంకే మందు బాగా పెరుగుతుంది. రాశాక చేతులు కడుక్కోండి. పొలుసులు మందంగా ఉంటే మందు లోపలికి దిగదు. అయినా గోళ్లతో గీకవద్దు. పొలుసు ఊడిన చోట సూదిమొనంత రక్తపు చుక్కలు వస్తాయి, గీరుకున్న చోట కొత్త మచ్చ మొలిచే గుణం కూడా ఈ రోగానికి ఉంది. పొలుసులు మెత్తబడటానికి శాలిసిలిక్ యాసిడ్ కలిసిన పూతలున్నాయి, అవసరమైతే డాక్టర్ రాస్తారు. మరో జాగ్రత్త కూడా చెప్పాలి. పారఫిన్ ఉన్న జిడ్డు పూతలు, వాజిలిన్ లాంటివి బట్టలకు, దుప్పట్లకు ఇంకి ఉంటే నిప్పు తేలిగ్గా అంటుకుంటుంది. వాటితో పొయ్యి దగ్గరికి వెళ్లకండి.

అసలు ఆపగానే ఎందుకు తిరిగి వస్తోంది? మామూలుగా చర్మం పైపొర మారడానికి సుమారు నెల పడుతుంది. సోరియాసిస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే తొందరపెట్టడంతో ఆ పని కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది, పాతది రాలేలోపే కొత్తది పైకి తోసుకొస్తుంది. స్టెరాయిడ్ ఆ వాపును అణుస్తుంది. అయితే రోగాన్ని గుర్తుపెట్టుకున్న కణాలు ఆ మచ్చ ఉన్న చోటే ఉండిపోతాయి. మందు తీసేయగానే అవి మళ్లీ మేలుకుంటాయి. అందుకే అణిగిన మర్నాడే ఆపడం కుదరదు, అణిగాక కూడా అదే జోరుతో రాయడం అక్కర్లేదు.

మచ్చ అణిగిందో లేదో కంటితో కన్నా వేలితో బాగా తెలుస్తుంది. కళ్లు మూసుకుని మచ్చ అంచు మీదుగా వేలు పోనివ్వండి. పక్క చర్మానికీ దానికీ ఎత్తులో తేడా తెలియకపోతే, పొలుసు గరుకు తగలకపోతే అక్కడ రోగం అణిగినట్టే. ఇంకా నల్లగానో తెల్లగానో రంగు మిగిలి ఉండొచ్చు. ఆ రంగు నెలల మీద తనంతట తనే సర్దుకుంటుంది. దాన్ని పోగొట్టాలని స్టెరాయిడ్ రాస్తూ పోయేవాళ్లను ఎంతమందిని చూశానో! చర్మం పలచబడ్డాక నా దగ్గరికి వస్తారు. దయచేసి ఆ దారిన వెళ్లకండి.

దిగే మెట్లు సాధారణంగా ఇలా ఉంటాయి. రోజూ రాస్తున్నవాళ్లు రోజు విడిచి రోజుకు వస్తారు, తర్వాత వారంలో రెండు రోజులకు. మిగతా రోజుల్లో స్టెరాయిడ్ కాని కాల్సిపోట్రియోల్ లాంటి పూత గానీ ఒట్టి మాయిశ్చరైజర్ గానీ రాస్తారు. కాల్సిపోట్రియోల్‌ను శాలిసిలిక్ యాసిడ్‌తో కలిపి రాస్తే పనిచేయదని గుర్తుంచుకోండి. మీరు వాడింది ఏడాదిన్నర కాబట్టి ఎన్ని వారాలకు ఒక మెట్టు దిగాలో, మధ్యలో తక్కువ బలం మందుకు మార్చాలో లేదో మీ చర్మాన్ని చూసిన డాక్టరే చెప్పాలి. ఈ వారంలోనే వెళ్లండి. అప్పటిదాకా మోచేతులు, మోకాళ్లు, నడుము మీద రోజుకు ఒక్కసారికి తగ్గించండి.

గజ్జలు, కనుబొమల దగ్గర మాత్రం ఈ మందు ఇక రాయవద్దు. ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతున్నాను. గజ్జల్లో చర్మం పలచన, పైగా చెమట, చర్మానికి చర్మం ఒరుసుకోవడం వల్ల కవరు కట్టి మందు రాసినంత పని జరుగుతుంది. మీ చారలు సరిగ్గా ఆ పక్కనే వచ్చాయి, చూడండి. ఆ చారల రంగు కాలం గడిచేకొద్దీ వెలిసిపోతుంది గానీ పూర్తిగా పోవు. కొత్తవి రాకుండా చూసుకోవడమే మన చేతిలో ఉంది. కంటి చుట్టూ బలమైన స్టెరాయిడ్ ఎక్కువకాలం వాడితే కంట్లో ప్రెషర్ పెరగొచ్చు, శుక్లం రావచ్చు. చూపు మసకబారినట్టుంటే కంటి డాక్టర్‌కూ చూపించండి. మందు మానిన కొద్ది రోజులకు ఆ రెండు చోట్లా ఎరుపు, మంట పెరగొచ్చు. కంగారుపడి మళ్లీ రాయకండి. అక్కడికి తక్కువ బలం స్టెరాయిడ్ కొద్ది రోజులకు గానీ, టాక్రోలిమస్ లాంటి స్టెరాయిడ్ కాని పూత గానీ ఇస్తారు. ఇంకో మాట: గజ్జల్లో ఎరుపంతా సోరియాసిస్సే కానక్కర్లేదు. ఫంగస్ వల్ల వచ్చే తామర కూడా కావచ్చు. తామర మీద స్టెరాయిడ్ రాస్తే పైకి ఎరుపు తగ్గి లోలోపల పాకిపోతుంది. కొద్దిగా పొట్టు తీసి పరీక్షిస్తే తేలుతుంది.

ఇంత మందు ఇన్నాళ్లు రాసినప్పుడు కొంత రక్తంలోకీ చేరి ఉండొచ్చు. శరీరం సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్ (కార్టిసాల్) అప్పుడు తగ్గుతుంది. ఎప్పుడూ నీరసం, లేవగానే కళ్లు తిరగడం, వాంతులు, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే, లేదా ముఖం ఉబ్బడం, చిన్న దెబ్బకే కమిలిపోవడం ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. ఉదయం పూట కార్టిసాల్ రక్తపరీక్ష చేయిస్తారు. షుగర్, బీపీ కూడా చూపించుకోండి. ఒళ్లంతా ఎర్రబడి చలి, జ్వరం వచ్చినా, చీము పొక్కులు గుంపులుగా లేచినా అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

త్వరగా తగ్గిపోతుందని ఎవరైనా స్టెరాయిడ్ మాత్రలో ఇంజెక్షనో ఇస్తానంటే ఒప్పుకోకండి. సోరియాసిస్‌లో అవి ఆపినప్పుడు వచ్చే తిరుగుబాటు పూతకన్నా తీవ్రంగా ఉంటుంది.

ఇంట్లోవాళ్లకు ఒక మాట చెప్పండి. హైడ్రోకార్టిసోన్ పూతగా పనిచేస్తుందని 1952లో తేలినప్పటి నుంచి ఈ మందులు చర్మవైద్యానికి ఆధారంగా ఉన్నాయి. సరైన బలంలో, సరైన చోట, లెక్కపెట్టిన రోజులు వాడితే ఇవి మేలే చేస్తాయి. కండలు పెంచడానికి వాడే స్టెరాయిడ్లు వేరే జాతి, వీటితో వాటికి సంబంధం లేదు. పూతలతోనే అదుపులోకి రాకపోతే, లేదా మచ్చలు పది అరచేతులంతకు మించి పాకితే కాంతి చికిత్స, రోగనిరోధక వ్యవస్థ జోరును తగ్గించే మెథోట్రెక్సేట్, బయోలాజిక్ ఇంజెక్షన్లు ఉన్నాయి. ఉదయం లేవగానే వేళ్లు, మడమలు బిగుసుకుపోతుంటే అది కూడా దాచకుండా చెప్పండి. సోరియాసిస్ కీళ్లకూ పాకుతుంది, తొందరగా పట్టుకుంటే కీళ్లు పాడవకుండా కాపాడుకోవచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ, సగం వాడినవి కూడా, ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. మీరు వేసుకునే ఇతర మాత్రల పేర్లూ చెప్పండి. లిథియం, ప్రోప్రనోలాల్ లాంటివి సోరియాసిస్‌ను రెచ్చగొట్టగలవు. ఇకపై కొత్త ట్యూబు తెరిచిన రోజున దాని మీద పెన్నుతో తేదీ వేయండి, పక్కనే డాక్టర్ ఆపమన్న తేదీ కూడా వేయించుకోండి.