ఎండ తగిలితే కుంట నీళ్లలోని మందు పోతుందా?

ప్రశ్న: మాకు పన్నెండు పాడి ఆవులు, కొన్ని పెయ్యలు ఉన్నాయి. పొదుగువాపు వచ్చిన మూడు ఆవులకు డాక్టరు గారు ఎన్రోఫ్లాక్సాసిన్, ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేశారు. అదే వారం పెయ్యలకు నట్టల కోసం ఐవర్‌మెక్టిన్ ఇచ్చాం. షెడ్డు కడిగిన నీళ్లు పక్కనున్న కుంటలోకి పోతాయి. ఆ నీళ్లే కూరగాయలకు పెడతాం, పశువులూ అవే తాగుతాయి. ఎండకు మందులు వాటంతటవే విరిగిపోతాయని, ఓ వారం ఆగితే చాలని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆ ఇంజెక్షన్ సీసా ఇంకా మీ దగ్గరుంటే ఒకసారి చూడండి. ముదురు గోధుమ రంగు గాజుతో ఉంటుంది. లేబుల్ మీద వెలుతురు తగలకుండా ఉంచమని రాసి ఉంటుంది. వెలుతురుకు ఈ మందులు పాడవుతాయి కాబట్టే ఆ జాగ్రత్త. అంటే మీకు చెప్పినవాళ్ల మాటలో నిజం ఉంది. కానీ వాళ్లు గాజు గ్లాసులోని తేట నీళ్లను తలచుకుని చెబుతున్నారు. మీ కుంట అలాంటిది కాదు.

ఎండలోని అతినీలలోహిత కిరణాన్ని మందు అణువు పీల్చుకుంటే ఆ శక్తికి దాని బంధాలు తెగుతాయి. అయితే అన్ని మందులూ ఆ కిరణాన్ని పీల్చుకోలేవు. 290 నానోమీటర్ల కన్నా చిన్న తరంగాలను పైన ఓజోన్ పొరే ఆపేస్తుంది. నేల దాకా వచ్చే మిగతా కిరణాలను పట్టుకోగలిగే మందే నేరుగా విరుగుతుంది. నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ అలాంటిది. స్విట్జర్లాండ్‌లోని గ్రైఫెన్సీ సరస్సులో కలిసిన డైక్లోఫెనాక్‌లో 90 శాతానికి పైగా పోతోందని, దానికి ముఖ్య కారణం ఎండేనని 1998లో శాస్త్రవేత్తలు చూపించారు. మూర్ఛకు వాడే కార్బమజెపైన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది కిరణాలను సరిగా పీల్చుకోదు, వారాలు, నెలల తరబడి నీళ్లలో అలాగే ఉండిపోతుంది.

మీరు వాడిన మూడు మందులూ వెలుతురుకు లొంగేవే. తేట నీళ్లలో, పైపొరలో ఉంటే మంచి ఎండకు ఎన్రోఫ్లాక్సాసిన్ గంటల్లో తగ్గిపోతుంది. ఐవర్‌మెక్టిన్ సగానికి తగ్గడానికి వేసవి ఎండలో సుమారు 12 గంటలు, చలికాలపు ఎండలో 39 గంటలు పట్టినట్టు ప్రయోగాల్లో తేలింది. ఆక్సీటెట్రాసైక్లిన్ నీళ్లు క్షార గుణంతో ఉన్నప్పుడు ఇంకా త్వరగా విరుగుతుంది.

ఇక మీ కుంట సంగతి. ఆక్సీటెట్రాసైక్లిన్‌లో పెద్ద భాగం మారకుండానే మూత్రంలో, పేడలో బయటికి వస్తుంది. ఎన్రోఫ్లాక్సాసిన్‌లోనూ కొంత అలాగే వస్తుంది. ఐవర్‌మెక్టిన్ దాదాపు అంతా పేడలోనే వస్తుంది. ఈ మూడూ బంకమట్టిని, పేడ రేణువులను గట్టిగా అంటిపెట్టుకునే రకం. రేణువుతో పాటు అడుగుకు దిగి బురదలో కూర్చుంటాయి. అక్కడ చీకటి. ఆ చీకట్లో ఆక్సీటెట్రాసైక్లిన్ నెలల తరబడి ఉండగలదు. ఐవర్‌మెక్టిన్ అయితే నీళ్లలోని చిన్న చిన్న ప్రాణులకు అతి తక్కువ మోతాదులోనే విషం.

ఎండ ఎంత లోతుకు పోతుందో మీరే చూసుకోవచ్చు. కుంటలో మోచేతి దాకా చెయ్యి ముంచండి. వేళ్లు కనిపించకపోతే మామూలు వెలుతురే అంతవరకు దిగడం లేదన్నమాట. మందును విరిచే కిరణాలు దానికన్నా చాలా పైనే ఆగిపోతాయి. పేడ నీళ్లలోనైతే అవి దిగేది కొద్ది సెంటీమీటర్లే. పైన పాచి కప్పితే అదీ ఉండదు.

ఆకులు కుళ్లి నీళ్లకు వచ్చే టీ రంగు గురించి చాలామంది అడుగుతారు. ఆ పదార్థం ఎండను పీల్చుకుని, చురుకైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. పేడ, మూత్రాల నుంచి తయారయ్యే నైట్రేట్ కూడా ఎండలో హైడ్రాక్సిల్ రాడికల్ అనే అతి చురుకైన కణాన్ని పుట్టిస్తుంది. అది కన్ను మూసి తెరిచేంత సేపు కూడా నిలవదు కానీ, ఎదురుపడిన ఏ అణువునైనా దెబ్బతీస్తుంది. స్వయంగా వెలుతురును పట్టుకోలేని మందులు కూడా కొంత తగ్గేది ఇందువల్లే. కానీ రంగు మరీ చిక్కబడితే వెలుతురు లోపలికి పోదు, పుట్టిన రాడికల్స్‌ను ఆ పదార్థమే తినేస్తుంది. షెడ్డు కడిగిన నీళ్లలో జరిగేది ఎక్కువగా ఇదే.

ఇంకో విషయం నాకు నిజంగా టెన్షన్ కలిగిస్తుంది. మందు విరగడమంటే మాయమవడం కాదు, అది వేరే పదార్థంగా మారడం. ఎన్రోఫ్లాక్సాసిన్ ఎండకు మారేటప్పుడు వచ్చే వాటిలో సిప్రోఫ్లాక్సాసిన్ ఒకటి. అది మనుషులకు వాడే యాంటీబయాటిక్. అది కూడా తర్వాత ఎండకు తగ్గుతుంది కానీ, ఈలోపు నీళ్లలోని బ్యాక్టీరియా మందుకు అలవాటు పడే అవకాశం ఉంటుంది. కొన్ని దేశాల్లో మాంసం పశువులకు వాడే ట్రెన్‌బలోన్ అనే హార్మోన్ విషయంలో మరీ వింత బయటపడింది. పగలు ఎండకు మారిపోయిన దాంట్లో కొంత రాత్రి చీకట్లో మళ్లీ మొదటి రూపానికి వస్తోందని 2013లో తెలిసింది.

కాబట్టి వారం ఆగితే చాలని నేను చెప్పను. మందు కుంటలోకి చేరకుండా చూడటమే ముఖ్యం. మందు వేసిన పశువులను కట్టేసే చోటు వేరు చేయండి. కడిగే ముందు పేడను పారతో ఎత్తేయండి. నీళ్లు తక్కువ పడతాయి, మందులో చాలా భాగం అక్కడే ఆగుతుంది. ఆ పేడను విడిగా కుప్ప వేసి, తిప్పుతూ, బాగా వేడెక్కేలా మగ్గనివ్వండి. ఆ వేడికి ఆక్సీటెట్రాసైక్లిన్ చాలావరకు తగ్గుతుంది. ఎన్రోఫ్లాక్సాసిన్ అంత తేలిగ్గా పోదు కాబట్టి ఆ ఎరువును పచ్చిగా తినే ఆకుకూరలకు వేయకండి. మందు వేశాక వాడకూడదని చెప్పిన రోజుల్లో పితికిన పాలను కుంటలో పారబోయకండి, దూడలకు పట్టకండి. ఆ పేడ కుప్ప మీదే పోయండి.

ఎండ సాయం కావాలంటే రెండు గుంటలు తవ్వండి. నీళ్లు ఇంకకుండా వాటికి అడుగున పట్టా వేయండి. మొదటి గుంటలో మడ్డి దిగాలి. తేరిన నీళ్లు మాత్రమే రెండో దానికి రావాలి. అది వెడల్పుగా, జానెడు లోతుకు మించకుండా, నీడ పడని చోట ఉండాలి. పైన పాచి పేరుకుంటే తీసేయండి. మబ్బు రోజులను లెక్కలో వేసుకోకండి. మొదటి గుంటలోని మడ్డిని ఎత్తినప్పుడు అది కూడా పేడ కుప్పలోకే పోవాలి.

ఇప్పటికే కుంటలో చేరిన దాని విషయానికొస్తే, కొన్నాళ్లు పశువులకు తాగడానికి వేరే నీళ్లు పెట్టండి. అడుగు బురదను కెలకకండి, మోటారు ఫుట్‌వాల్వ్‌ను బురదకు పైన ఉండేలా కట్టండి. పచ్చిగా తినే కూరగాయలకు ఈ నీళ్లు ఆపేసి, ఉడికించి తినేవాటికి మాత్రం మొదళ్ల దగ్గర పారించండి. ఈసారి పొదుగువాపు వచ్చినప్పుడు, రెండు యాంటీబయాటిక్‌లు అవసరమా, పాల పరీక్ష చేయించి ఒక్కటే సరిపోతుందేమో చూద్దామా అని డాక్టరు గారిని తప్పకుండా అడగండి.