మన సముద్రపు చేపను బరంపురం ఎందుకు కొనట్లేదు?

ప్రశ్న: మాది ఒడిశాలోని గోపాలపూర్. నాన్న, అన్నయ్య ఫైబర్ తెప్ప మీద వేటకెళ్తారు. చందువ, వంజరం ఒడ్డుకు రాగానే సావుకారు తీసుకుపోతాడు. కానాగంతలు, కవళ్లు మాత్రం అమ్మ గంపలో బరంపురం తీసుకెళ్లి సగం ధరకే ఇచ్చి వస్తోంది. అక్కడ జనం ఆంధ్ర నుంచి లారీల్లో వచ్చే చెరువు చేపే అడుగుతున్నారు. మన చేపకు పేరు తేవాలంటే ఫేస్‌బుక్ పేజీ పెడితే చాలా?

జవాబు: తమ్ముడూ, పేజీ తరవాత పెట్టుకోవచ్చు, ముందు ఐసు సంగతి చూడు. కానాగంత లాంటి చేప ఎండలో నాలుగైదు గంటలు ఉంటే దానిలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది, అది ఎంత ఉడికించినా పోదు, తిన్నవాళ్లకు ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. ఒకసారి అలా అయినవాళ్లు ఇక జన్మలో సముద్రపు చేప ముట్టరు, పక్కింటివాళ్లకూ అదే చెబుతారు. మన చేపకు చెడ్డపేరు ఎక్కువగా ఇలాగే వచ్చిందని నా నమ్మకం. అందుకే వల లాగిన వెంటనే, తెప్ప మీదే, కిలో చేపకు కిలో ఐసు లెక్కన కొట్టిన ఐసు ఒక వరస, చేప ఒక వరస పేర్చాలి. కరిగిన నీళ్లు పోయేలా పెట్టెకు అడుగున కన్నం ఉండాలి.

రెండోది, ఒడియా ఇళ్లలో చాలామందికి మన చేపను ఎలా వండాలో తెలీదు. వాళ్ల ఆవపిండి కూర బెసర కానాగంతతో కూడా బాగుంటుంది, అమ్మ ఆ మాట నోటితో చెప్పాలి. పొట్ట, మొప్పలు తీసి శుభ్రం చేసి ఇవ్వండి. పలక మీద చేప పేరు తెలుగులోనూ ఒడియాలోనూ, ఒడ్డుకొచ్చిన టైముతో సహా రాయండి. రోజూ తిరగక్కర్లేదు, వారానికి రెండు రోజులు ఒకే వీధిలో ఒకే టైముకి కనిపిస్తే కొనేవాళ్లే ఎదురుచూస్తారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం కదా, అప్పుడు ఏం అమ్మాలని టెన్షన్ పడకు. ఆ ఎండల్లోనే ఒడియా వాళ్లు పొఖాళొ, అంటే నీళ్లలో నానబెట్టిన అన్నం, తింటారు, పక్కన సుకువా, అంటే మన ఎండుచేప, ఉండాల్సిందే. నెత్తళ్లను ముందే ఎండబెట్టి దాచండి, కానీ ఇసకలో కాదు, వెదురు కర్రల మీద వల పరిచి దాని మీద. ఇసక తగిలిన ఎండుచేపను ఎవరూ రెండోసారి కొనరు.

ఐసు పెట్టెతో బండికి డబ్బు కావాలంటే 2020లో మొదలైన ప్రధాన మంత్రి మత్స్య సంపద యోజనలో ఆడవాళ్లకు ఖర్చులో 60 శాతం వరకు సాయం పెట్టారు, జనరల్ కింద 40 శాతమే. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారేమో మత్స్యశాఖ ఆఫీసులో అడుగు, తీసుకుంటుంటే అమ్మ పేరు మీదే పెట్టించు.