మడత ఫోను ఎన్నాళ్లు ఆగుతుంది?

ప్రశ్న: మాది పలాస, జీడిపప్పు వ్యాపారం. తెలిసినాయన తను వాడిన ఫ్లిప్ ఫోన్ (తెర మధ్యకు మడతపడేది) తక్కువకే ఇస్తానంటున్నాడు. ఇలాంటివి ఎక్కువ కాలం ఆగుతాయా?
– ఒక పాఠకుడు

జవాబు: విజయనగరంలో నేనూ అలాంటిదే ఏళ్లుగా వాడుతున్నానండి. మధ్యలో కనిపించే గీతకు భయపడొద్దు. అది కొత్తదాంట్లోనూ ఉంటుంది, వాడగా వాడగా కంటికి ఆనదు. అసలు టెన్షన్ తెర మీది ప్లాస్టిక్ పొరతోనే. నాది మడత దగ్గర ముందు చిన్న బుడగలా లేచింది, తర్వాత గోరు దూరేంతగా ఊడింది. మామూలు స్క్రీన్ గార్డు అనుకుని పీకేయకండి, దాని కింద గాజు చాలా పల్చన. సర్వీస్ సెంటర్లోనే మార్పించాలి. నేను విశాఖ దాకా వెళ్లాల్సి వచ్చింది, ఒక పూట పని పాడు.

మీకు నా భయం దుమ్ము గురించి. 2021 నుంచి వచ్చిన కొన్నిటి మీద ఐపీఎక్స్8 అని ఉంటుంది. అది నీళ్లకే, దుమ్ముకు హామీ లేదు. కళింగపట్నం ఇసుక చేరాక నా ఫోన్ తెరిచినప్పుడల్లా కరకరమంది. మీ దగ్గర జీడిపప్పు పొట్టు ఊరుకుంటుందా?

కొనే ముందు పూర్తిగా తెరిచి, తెల్లటి ఫొటో పెట్టి చూడండి. మడత వెంట నల్ల గీత కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా వద్దనండి. లోపలి తెర మార్పించే ఖర్చుతో మామూలు ఫోన్ ఒకటి వచ్చేస్తుంది.